డ్యూన్: వెనక పేజీల్లో వేలు పెట్టుకుని చదివిన రోజులు

ఎడమచేతి వేలు పుస్తకం చివర పదకోశంలో, కళ్లేమో కథలో. ఫ్రాంక్ హెర్బర్ట్ సైన్స్ ఫిక్షన్ నవల డ్యూన్‌ని పాత పేపర్‌బ్యాక్‌లో చదివినవాళ్లకి ఈ భంగిమ ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది. మొదటి అధ్యాయంలోనే గోమ్ జబ్బార్, క్విసాట్జ్ హాడెరాక్, బెనె గెసరిట్ అంటూ మూడు నాలుగు తెలియని మాటలు ఒకేసారి మీద పడేవి. వెంటనే వెతికి చూసుకునే సౌకర్యం లేదు. పుస్తకమే తన నిఘంటువుని, తన పటాన్ని, తన మతచరిత్రని వెంట మోసుకొచ్చేది. కొందరు ఆ మాటల దగ్గరే ఆగిపోయి యాభై పేజీలకి పుస్తకం మూసేశారు. దాటి వెళ్లినవాళ్లు మాత్రం మళ్లీ మామూలు మనుషులు కాలేదు. “భయం మనసుని చంపేస్తుంది” అనే ఆ బెనె గెసరిట్ (కథలోని ఒక స్త్రీల రహస్య సంస్థ) మంత్రాన్ని కంఠస్థం చేసి, పరీక్ష హాలు బయటా ఆస్పత్రి వరండాలోనూ లోలోపల చదువుకున్నవాళ్లు ఎంతమందో.

ఆ నవల చుట్టూ నడిచిన వాదనలు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు వెచ్చబడుతుంది. కథానాయకుడు పాల్ అట్రైడిస్ అవతారపురుషుడా, లేక అవతారం వేషం వేసిన రాజకుమారుడా? రచయిత మతాన్ని వెక్కిరించాడా, నెత్తిన పెట్టుకున్నాడా? రెండో పుస్తకం రాయకుండా ఉండాల్సిందా? ఒక్కో ప్రశ్న మీద రాత్రులు గడిచిపోయేవి. తమాషా ఏమిటంటే రెండు పక్షాలవాళ్లూ అదే పుస్తకం తెరిచి, అదే పేజీ చూపించేవాళ్లు.

ఈ వాదనలకి పుస్తకం పుట్టుకలోనే మూలం ఉంది. ఫ్రాంక్ హెర్బర్ట్ పత్రికా విలేకరి. 1957లో ఆరెగాన్ రాష్ట్రంలోని ఫ్లోరెన్స్ దగ్గర, కదిలే ఇసుకదిబ్బలు రోడ్లనీ ఇళ్లనీ మింగకుండా గడ్డి నాటి ఆపుతున్న ప్రభుత్వ పథకం మీద వ్యాసం రాద్దామని వెళ్లాడు. ఆ వ్యాసం అచ్చు కాలేదు. ఎడారి మాత్రం ఆయన్ని వదల్లేదు. ఎడారి గురించి చదువుతూ పోతే అక్కడ పుట్టిన మతాలు తగిలాయి, మతాల వెంట ప్రవక్తలు తగిలారు. ఆరేళ్ల చదువు తర్వాత కథ అనలాగ్ అనే సైన్స్ ఫిక్షన్ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. 1963 డిసెంబరు నుంచి 1964 ఫిబ్రవరి దాకా మూడు భాగాలు, 1965 జనవరి నుంచి మే దాకా మరో అయిదు. మధ్యలో పది సంచికలు ఖాళీ. పుస్తకంగా వేయడానికి సుమారు ఇరవై ప్రచురణసంస్థలు కాదన్నాక, కార్ల మరమ్మతు పుస్తకాలకి పేరుపడ్డ చిల్టన్ అనే సంస్థ 1965 ఆగస్టులో అచ్చేసింది. మరుసటి ఏడాది సైన్స్ ఫిక్షన్ రచనలకి ఇచ్చే హ్యూగో అవార్డుని మరో నవలతో పంచుకుంది. నవలకి ఇచ్చిన మొట్టమొదటి నెబ్యులా అవార్డూ దీనిదే.

అప్పటి పాఠకుల్లో ఎక్కువమంది దీన్ని వీరగాథగానే చదివారు. తండ్రిని చంపారు, కొడుకు ఎడారిలోకి పారిపోయాడు, అక్కడి జనాన్ని కూడగట్టుకుని తిరిగొచ్చి పగ తీర్చుకున్నాడు. తరతరాలుగా మనం విన్న కథల సాంప్రదాయిక చట్రమే అది. అలా చదివినవాళ్లని “నీకు అర్థం కాలేదు” అని గేలి చేయడం ఈమధ్య బాగా ఎక్కువైంది. అది అన్యాయం. పాల్‌ని చూసి మనసు ఉప్పొంగాలనే హెర్బర్ట్ ఆ నవలని కట్టాడు. ఆ ఉప్పొంగు లేనివాడికి రెండో చదువులో వచ్చే చలి కూడా తగలదు.

రెండో చదువుకి ఒక పద్ధతి ఉంది. ఒంటరిగా చదివినా, నలుగురు కలిసి చదివినా పనిచేస్తుంది. పెన్సిల్ పట్టుకోవాలి. జోస్యం నిజమైనట్టు కనిపించే ప్రతిచోటా అంచున రెండు మాటలు రాసుకోవాలి: దీన్ని నాటినవాళ్లు ఎవరు, వాడుకున్నవాళ్లు ఎవరు. మొదటిసారి చదువుతూ ఈ పని పెట్టుకోకూడదు, కథ చచ్చిపోతుంది. ఒకసారి పూర్తిచేసి, కొన్ని నెలలు ఆగి, అప్పుడు.

మొదటి గుర్తు షాడౌట్ మేప్స్ దగ్గర పడుతుంది. ఇంటి పనికి కుదిరిన ఈ ఫ్రెమెన్ (అక్కడి ఎడారి జాతి) ముసలావిడ, బెనె గెసరిట్ సభ్యురాలైన పాల్ తల్లి జెస్సికాకి క్రిస్‌నైఫ్ అనే కత్తి చూపించి దాని అర్థం అడుగుతుంది. మాట తప్పితే ప్రాణం పోతుంది. మృత్యువుని సృష్టించేది అని చెప్పబోయి, “ఇది మేకర్” అనే దాకా వచ్చేసరికి మేప్స్ గొల్లుమంటుంది. ఫ్రెమెన్‌కి మేకర్ అంటే మహా ఇసుకపురుగు. సగం మాటే సరైన జవాబైపోయింది. జెస్సికా తను చెప్పాలనుకున్న మిగతా సగాన్ని మింగేసి మౌనంగా నిలబడుతుంది. ఆ మౌనమే ఆమె తెలివి. ఎందుకంటే ఆమెకి తెలుసు, ఈ కథల్ని ఈ గ్రహం మీద ఎప్పుడో తమ సంస్థే నాటిపోయిందని.

మిషనారియా ప్రొటెక్టివా పని ఇదే. మన మాటల్లో చెప్పాలంటే స్థలపురాణాలు ముందే తయారుచేసి పెట్టే శాఖ. రేపెప్పుడో తమ సోదరి ఎవరైనా అక్కడ చిక్కుకుంటే తలదాచుకోవడానికి, జనం నమ్మకాల్లో తలుపులు బిగించి తాళంచెవులు తమ దగ్గర ఉంచుకుంటారు. కాబట్టి మేప్స్ దృశ్యం పక్కన లెక్క సులువు: నాటింది బెనె గెసరిట్, వాడుకుంది జెస్సికా. ఇక్కడిదాకా చదివిన పాఠకుడు “ఓహో, మతం అంటే పాలకుల చేతిలో పనిముట్టు, అంతేగా” అని తేల్చేస్తాడు. ఆ అభిప్రాయం వందలసార్లు వినపడింది, ఇంకా వినపడుతూనే ఉంది. నవలలో మొదటి మూడోవంతు వరకు అది నిలుస్తుంది. ఆ తర్వాత నిలవదు. ఎందుకు నిలవదో పెన్సిల్ గుర్తులే చెబుతాయి.

రెండో గుర్తు స్టిల్‌సూట్ దగ్గర. ఒంట్లో తేమ బయటికి పోకుండా పట్టి తిరిగి తాగించే ఆ దుస్తుల్ని ఆ గ్రహం మీద పనిచేసే శాస్త్రవేత్త లియెట్ కైన్స్ తనిఖీ చేస్తాడు. పాల్ తండ్రి డ్యూక్ సూట్‌ని సరిచేయాల్సి వస్తుంది. పాల్ దగ్గరికి వచ్చేసరికి, చీలమండ దగ్గర బూట్లతో సహా ఎడారివాళ్లు కట్టినట్టే కట్టి ఉంటుంది. ఎవరు నేర్పారంటే, ఇలాగే సబబనిపించింది అంటాడు కుర్రాడు. కైన్స్‌కి పాత మాట గుర్తొస్తుంది: మీ పద్ధతులు తనతో పుట్టినట్టే అతనికి తెలుస్తాయి. ఇక్కడ నాటినవాళ్లు పాతవాళ్లే. వాడుకున్నవాళ్లు? పాల్ ఏమీ వాడుకోలేదు, బూటు కట్టుకున్నాడంతే. శాస్త్రం చదువుకున్న కైన్స్ తనకు తానే ఆ జోస్యాన్ని మోసుకొచ్చి కుర్రాడి మీద వేశాడు.

ఈ కైన్స్ చావు దగ్గర చాలామంది పాఠకులు విసుగుపడి పేజీలు తిప్పేసేవారు. స్టిల్‌సూట్ లేకుండా ఎడారిలో వదిలేసిన మనిషికి చనిపోయిన తండ్రి గొంతు భ్రమలో వినిపిస్తుంది. నీటి లెక్కలు, మొక్కల లెక్కలు, పాఠం చెబుతున్నట్టు సాగుతుంది. మధ్యలో ఒకే ఒక్క వాక్యం: ఒక వీరుడి చేతిలో పడటాన్ని మించిన విపత్తు మీ జనానికి ఇంకోటి ఉండదు అని. నవల మొత్తం మీద ఇంత బాహాటంగా రాసిన హెచ్చరిక మరొకటి లేదు. దాన్ని ఎండకి మతి తప్పి చచ్చిపోతున్నవాడి చెవిలో, పాఠకులు దాటేసే పేజీలో పెట్టాడు హెర్బర్ట్. పాల్‌ని వీరుడిగా చదివినవాళ్లు మోసపోవడానికి సగం కారణం ఈ పేజీ దాటేయడమే.

మూడో గుర్తు జేమిస్ అంత్యక్రియలు. పదిహేనేళ్ల పాల్ మొదటిసారి ఒక మనిషిని చంపాడు. ఆ మనిషి కర్మకాండలో నిలబడి, నేను జేమిస్‌కి స్నేహితుణ్ని అంటూ ఏడుస్తాడు. చుట్టూ ఉన్నవాళ్లు కొయ్యబారిపోతారు. నీటిబొట్టుకి ప్రాణమంత విలువున్న చోట చచ్చినవాడికి కన్నీళ్లు ధారపోశాడు మరి. ఇక్కడ నాటినవాళ్లు లేరు, వాడుకున్నవాళ్లూ లేరు. ఏడుపు నిజం. ఆ నిజమైన ఏడుపే ఏ కల్పిత జోస్యంకన్నా ఎక్కువ పనిచేసింది. తన పేరు మీద రాబోయే మారణహోమం అప్పటికే పాల్ కళ్లకి కనిపిస్తోంది. దాన్ని ఆపాలంటే ఆ గుహలో ఉన్న ప్రతి ఒక్కరూ, తనూ తన తల్లీ సహా, అక్కడికక్కడే చావాలని అతనికి తెలుస్తుంది. మంచితనమూ దానికి ఆజ్యమే అవుతోంది.

ఇలా గుర్తులు పెట్టుకుంటూ పోతే మూడో భాగానికి వచ్చేసరికి వాడుకున్నవాళ్ల వరస దాదాపు ఖాళీ అవుతుంది. నాటిన బెనె గెసరిట్ పంట కోయలేకపోయింది. తరతరాలుగా సంబంధాలు కలిపి, రక్తాలు కలిపి కోరుకున్న మహాపురుషుడు, క్విసాట్జ్ హాడెరాక్, ఒక తరం ముందే, తమ చెప్పుచేతల్లో లేకుండా పుట్టుకొచ్చాడు. కూతుర్ని కనమంటే డ్యూక్ మీద ప్రేమతో జెస్సికా కొడుకుని కంది. సంస్థ ఇచ్చిన వరమే దాని నెత్తిన చెయ్యి పెట్టింది. చక్రవర్తికి సైన్యం ఉన్నా లాభం లేకపోయింది. పాల్ అయినా అంతే. పట్టాభిషేకం ముంగిట స్టిల్గర్ వైపు చూస్తాడు. నిన్నటిదాకా తనకి ఎడారి నేర్పిన నాయకుడు, పొరపాటైతే ముఖం మీదే చెప్పిన మనిషి, ఇప్పుడు కళ్లలో భక్తి తప్ప ఇంకేమీ లేకుండా నిలబడి ఉంటాడు. స్నేహితుడు పోయి భక్తుడు మిగిలాడు. ఆ పుస్తకంలో చావుల లెక్క పెద్దదే కానీ, నా లెక్కలో అన్నిటికన్నా బాధాకరమైన పోగొట్టుకోవడం ఇదే. వయసులో ఉన్నప్పుడు చదివినవాళ్లకి ఈ నాలుగు వాక్యాలు ఆనకపోవడమూ సహజమే. అప్పుడు కళ్లన్నీ శత్రువంశపు ఫేడ్‌తో జరగబోయే కత్తియుద్ధం మీద ఉంటాయి.

అంటే పాలకులు మతాన్ని వాడుకోవడం గురించి కాదు ఈ నవల. వాడుకుందామని రాజేసిన మంట, రాజేసినవాళ్లని దాటి ఎలా పోతుందో చూపించే నవల. ఈ రెంటికీ తేడా తెలియనిచోటే సగం వాదనలు దారి తప్పాయి.

మతాన్ని వెక్కిరించాడనేవాళ్లు అనుబంధాలు చదవనివాళ్లు. రెండో అనుబంధం పూర్తిగా మతం గురించే. యంత్రాల మీద తిరుగుబాటు తర్వాత అన్ని విశ్వాసాల ప్రతినిధులూ ఒక ద్వీపంలో కూర్చుని, మా దేవుడి మాటే మాట అనే పట్టుదల వదిలించుకుందామని ఒక ఉమ్మడి గ్రంథం కూరుస్తారు. అదే ఆరెంజ్ కేథలిక్ బైబిల్. అది బయటికి రాగానే అల్లర్లు, ప్రతినిధుల్లో కొందరు మూకల చేతుల్లో చావడం. ఆ కొద్ది పేజీల్లో వెక్కిరింత ఎక్కడా లేదు, జాలి ఉంది. కథలోనూ అంతే. జోస్యం నాటిందే కావచ్చు, జెస్సికా జీవజలం తాగినప్పుడు పాత తరాల జ్ఞాపకాలు ఆమెలోకి దిగడం మాత్రం బూటకం కాదు. అబద్ధపు పునాది మీద నిజమైన శక్తి నిలబడటం ఈ నవల ఇచ్చే అసలు ఇబ్బంది. ఆస్తికులకీ నాస్తికులకీ సమానంగా ఇబ్బంది.

మొదటి అనుబంధంలో ఇంకా పదునైన ముక్క ఉంది. లియెట్ తండ్రి పార్డోట్ కైన్స్ ఎడారిని పచ్చగా చేయాలన్న పిచ్చితో ఫ్రెమెన్ మధ్య తిరుగుతూ మాట్లాడుతుంటాడు. వీడు ప్రమాదకరం, చంపేయమని పెద్దలు యూలియెట్ అనే అతన్ని పంపుతారు. కైన్స్ తన మొక్కల గోలలో ఉండి కత్తి పట్టుకున్నవాణ్ని “తప్పుకో” అని పక్కనుంచి వెళ్లిపోతాడు. యూలియెట్ తప్పుకుంటాడు, కొద్ది అడుగులు వేసి తన కత్తి మీద తానే పడి చస్తాడు. అప్పటినుంచి కైన్స్ మాట దైవవాక్కు. జోస్యం నాటలేదు, మహిమ చూపలేదు, పరధ్యానంగా అన్న ఒక్క మాటకి ప్రవక్త పుట్టాడు. మూడువందల నుంచి అయిదువందల ఏళ్లు పట్టే ఆ పచ్చదనం పథకానికి ఒక జాతి జాతంతా నీళ్లు దాచింది. పాల్ రావడానికి ముందే ఇదంతా జరిగిపోయింది. నాకు తెలిసి నవల మొత్తానికి ఇదే చిన్న నమూనా, అయినా దీన్ని ఎవరూ చదవరు. కథ ముగిశాక మిగిలిన పేజీలనుకుని మూసేస్తారు.

బయటినుంచి వచ్చిన దొరబిడ్డ ఎడారి జనాన్ని ఉద్ధరించే కథ అనే అభ్యంతరం తర్వాతి తరం పాఠకులది. ఇందులో సగం నిజం. అరబ్బీ మాటలు, ఎడారి ఇస్లాం ఛాయలు విరివిగా వాడుకుని కూడా, ఫ్రెమెన్ అమ్మాయి చాని మనసులోకి నవల సరిగ్గా వెళ్లదు. అది లోపమే. ఉద్ధరించడం అనే మాట మాత్రం నిలవదు. పాల్ రాకముందు వాళ్లకి తమదైన ఓర్పు, తమదైన పథకం ఉన్నాయి. పాల్ వచ్చాక యుద్ధం ఉంది. నాలుగో పుస్తకం నాటికి పాత ఆచారాలని వల్లెవేసే మ్యూజియం ఫ్రెమెన్ మిగులుతారు. ఆ జాతికి దక్కిన ఉద్ధరణ అది.

ఇక రెండో పుస్తకం, డ్యూన్ మెస్సయ్య. 1969లో వచ్చింది. మొదటి కథని నెత్తిన పెట్టుకుని అచ్చేసిన అనలాగ్ సంపాదకుడు జాన్ క్యాంప్‌బెల్ దీన్ని వేయనన్నాడు, వీరుడు ఇలా కూలిపోవడం ఆయనకి నచ్చలేదు. సీరియల్‌గా గెలాక్సీ పత్రికలో వచ్చింది. పన్నెండేళ్ల తర్వాతి కథ అందులో. పాల్ తన నోటితోనే లెక్క చెబుతాడు: 6,100 కోట్ల చావులు, నిర్జీవమైపోయిన 90 గ్రహాలు, కుంగిపోయిన మరో 500, తుడిచిపెట్టుకుపోయిన 40 మతాలు. చెంఘిజ్ ఖాన్‌నీ హిట్లర్‌నీ పక్కన పెట్టి పోల్చుకుంటాడు. ఆ పేజీ చదివి పుస్తకం విసిరేసినవాళ్లున్నారు. మా దేవుణ్ని పాడుచేశాడని నిజంగానే బాధపడ్డారు. ఆ బాధని చూస్తే ఎప్పుడూ గౌరవమే కలిగేది. మొదటి పుస్తకం ఎంత బాగా పనిచేసిందో వాళ్లే సాక్ష్యం. నిజానికి హెర్బర్ట్ వెనక్కి తిరగలేదు. మొదటి నవల పూర్తికాకముందే రెండు, మూడు పుస్తకాల్లోని కొన్ని భాగాలు రాసిపెట్టుకున్నట్టు తర్వాత ఆయనే చెప్పాడు. కాబట్టి మొదటిదాన్ని చదివి ఆగిపోదామనుకునేవాళ్లకి ఒక్కటే సలహా: రెండోదాకా వెళ్లండి, చిన్న పుస్తకమే. మూడు నుంచి ఆరు దాకా ఇష్టాన్నిబట్టి.

సినిమాతో మొదలుపెట్టినవాళ్లకి చిక్కు ఇంకోరకం. 1984 సినిమా చివర్లో పాల్ ఆ ఎడారి గ్రహం అరాకిస్ మీద వర్షం కురిపిస్తాడు. పుస్తకంలో నీళ్లు ఇసుకపురుగుకి విషం. పురుగు పోతే స్పైస్ అనే ఆ అమూల్య పదార్థం లేదు, స్పైస్ లేకపోతే గ్రహాల మధ్య ప్రయాణమే లేదు. ఆ ఒక్క వానతో అనుమానించాల్సిన ప్రవక్త నిజమైన దేవుడైపోయాడు, నవల తలకిందులైంది. 2024లో వచ్చిన కొత్త సినిమా రెండో భాగం దీనికి వ్యతిరేక దిశలో వెళ్లింది. చానిని నమ్మని మనిషిగా మార్చి, చివర్లో పాల్‌ని వదిలి వెళ్లేలా చేసింది. పుస్తకంలో చాని వెళ్లదు. ఈ మార్పు మీద పాత పాఠకులు గట్టిగానే కసురుకున్నారు. కానీ పుస్తకం ఎపిగ్రాఫుల్లోనూ అనుబంధాల్లోనూ దాచిన అనుమానాన్ని తెరమీద ఎవరో ఒకరి ముఖంలో చూపించాలి కదా. ఆ పని చానికి అప్పగించడం నాకు సబబే అనిపించింది.

ఎపిగ్రాఫుల మాట వచ్చింది కాబట్టి. ప్రతి అధ్యాయం నెత్తిన ఉండే ఆ నాలుగు వాక్యాల్ని వదిలేసి చదవడం చాలామందికి అలవాటు. వదిలేయకూడదు. అట్రైడిస్ ఇంటి డాక్టర్ యూయే ద్రోహం చేస్తాడని అవి ముందే చెప్పేస్తాయి. ఉత్కంఠ పోయిందని విసుక్కునేవాళ్లు. ఉత్కంఠ పోవాలనే ఆ ఏర్పాటు. జరిగిపోయిన పవిత్రచరిత్రని చదువుతున్నాం, జరుగుతున్న కథని కాదు. వాటిలో ఎక్కువ రాసింది చక్రవర్తి కూతురు ఇరులాన్. నవల అంతా ఆమె వాక్యాలే, ఆమె మాత్రం చివరి అధ్యాయం దాకా మనిషిగా ఎదురుపడదు. ఎదురుపడ్డప్పుడు సింహాసనం కోసం పాల్ పెళ్లాడే మనిషిగా నిలబడుతుంది, ప్రేమ చానికి, పేరు ఇరులాన్‌కి. జెస్సికా చానిని ఓదారుస్తూ, ఉంపుడుగత్తెలమని పిలిపించుకున్న మనల్ని చరిత్ర భార్యలంటుంది అని చెప్పే మాటతో నవల ముగుస్తుంది.

ఆ పేజీ నుంచి నేరుగా మొదటి పేజీకి వెళ్లి చూడండి. ముఆద్‌దిబ్ (ఎడారిలో పాల్ పెట్టుకున్న పేరు) ఎప్పుడు పుట్టాడు, అతనికి చెందిన చోటు ఏది అని భక్తితో, జాగ్రత్తగా మొదలుపెట్టి, కింద ఇరులాన్ పేరుంటుంది.